అక్టోబరు చెల్లదు!

కొండలెక్కడానికి ఉత్తమమైన సీజన్ ఏది? ఈ ప్రశ్న నన్నడిగితే బల్లగుద్ది చెబుతాను, ఏదీ కాదని! ఏ సీజన్ మంచిదో తేల్చుకుందామని కూర్చుని, ఎంతకీ తేల్చుకోలేక, ఆ కూర్చున్నచోటే ఉండిపోవడం ఉంది చూశారూ, అదీ ఉత్తమం. మనిషికి దొరికిన వరాల్లో దాన్ని మించింది నాకైతే కనిపించలేదు.

నవ్వకండి. గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి, కొండెక్కి వచ్చినవాళ్లని మీరెప్పుడైనా దగ్గరగా చూశారా? నేను చూశాను. మా ఆఫీసులో ఒకాయన నాలుగు రోజులు ట్రెక్కింగ్‌కి వెళ్లొచ్చి, నెల రోజుల పాటు ఆఫీసు మెట్లు వెనక్కి తిరిగి దిగాడు. ఆరు వందల ఫొటోలు తెచ్చాడు. అన్నిట్లోనూ ఒకటే మబ్బు. పక్క సీటులో కూర్చున్న పాపానికి ఆ ఆరు వందలూ నేను రెండుసార్లు చూడాల్సి వచ్చింది.

అదే, సీజన్ గురించి ఆలోచిస్తూ ఇంటిపట్టున ఉన్న మనిషి వల్ల ఎవరికైనా ఇలాంటి కష్టం కలిగిందా? కాలు బెణకదు. జలగ కరవదు. గుడారంలోకి నీళ్లు రావు. కొన్న బూట్లు కొన్నట్టే కొత్తగా ఉంటాయి! ఈ బూట్ల సంగతి కాస్త గుర్తుంచుకోండి, వాటి దగ్గరికి మళ్లీ వస్తాను.

ఈ విద్యలో ఆరితేరిన మహానుభావుడు మా బావగారు. అంటే మా అక్క భర్త. ఒక పెద్ద ఆఫీసులో కొనుగోళ్ల విభాగానికి సూపరింటెండెంటు. ఆ ఆఫీసులోకి గుండుసూది రావాలన్నా ఆయన బల్ల మీదుగానే రావాలి. కనీసం మూడు కొట్ల నుంచి కొటేషన్లు తెప్పించాలి. వాటిని పక్కపక్కన పెట్టి ఒక పట్టిక గీయాలి. కంపారిటివ్ స్టేట్‌మెంట్ అంటారు దాన్ని. లోపం కనిపించినదాన్ని ఎర్ర పెన్సిలుతో కొట్టెయ్యాలి, మిగిలినవాటిలో మంచిదాన్ని ఎంచాలి, కింద కమిటీ సభ్యులు ముగ్గురూ సంతకాలు పెట్టాలి. ముప్ఫై ఏళ్లుగా ఆయన చేస్తున్నది ఇదే.

ఇంట్లో కూడా ఇదే పద్ధతి. ఒక వేసవిలో వాళ్ల హాల్లో ఫ్యాను కాలిపోయింది. కొత్తది ఎంపికయ్యేలోపు వేసవి వెళ్లిపోయింది. "చూశావుటోయ్, అవసరమే తీరిపోయింది!" అని చంకలు గుద్దుకున్న మనిషి ఆయన.

మా అక్క ఉద్యోగం వేరు. బస్టాండులో టికెట్లిచ్చే గుమాస్తా. నాలుగో నంబరు కిటికీ ఆవిడది. కొండకి వెళ్లే బస్సుకి టికెట్లు అక్కడే ఇస్తారు. రోజూ పొద్దున ఆరింటికి బస్సు. వీపున బరువైన సంచులతో జనం ఎక్కుతారు, నాలుగైదు రోజులకి అదే బస్సులో మోకాళ్ల దాకా బురదతో దిగుతారు. ఇరవై ఏళ్లుగా ఊరందరినీ కొండకి పంపిస్తున్న మా అక్క, తను మాత్రం కొండని చూసింది కిటికీ పక్క గోడ మీద అంటించిన పోస్టర్లోనే. ఆ పోస్టరు కింది సగాన్ని బస్సుల టైంటేబుల్ కప్పేసింది. కాబట్టి ఆవిడకి తెలిసిన కొండ పై సగమే.

పన్నెండేళ్ల కిందట ఒక రోజు, కొండ దిగొచ్చిన ఒక పెద్దావిడ తన ఊరికి వెళ్లే టికెట్ కోసం ఆ కిటికీ దగ్గర ఆగింది. చేతికర్ర గోడకి ఆనించి, "రోజూ అందర్నీ పంపిస్తావు కదా తల్లీ, నువ్వెప్పుడెళ్తావు?" అని అడిగిందట.

"టికెట్ చింపి ఇచ్చాను గానీ జవాబివ్వలేకపోయానురా తమ్ముడూ," అని అక్క నాతో అంది.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొస్తూ దారిలో బూట్లు కొనుక్కుంది. గోధుమరంగువి, చీలమండ పైదాకా వచ్చేవి, ఎర్ర లేసులవి. వీపుకి తగిలించుకునే సంచి కూడా ఒకటి కొంది. అవి తెచ్చి బావగారి ముందు పెట్టి, "ఏమండీ, కొండెక్కుదామండీ," అంది.

బావగారు వద్దన్నారనుకుంటున్నారా? పాపం, ఆయన ఎవరికీ, ఎప్పుడూ, దేనికీ వద్దని చెప్పి ఎరుగరు. "తప్పకుండా వెళ్దాం. ఏ సీజన్ మంచిదో చూద్దాం," అన్నారు. ఫైలు తెరిచారు.

మొదటి కాగితం నాకింకా గుర్తే. 'విషయం: శ్రీమతి గారి కోరిక మేరకు కొండ ఎక్కుట గురించి.' దాని కింద పట్టిక. పన్నెండు నెలలంటే పన్నెండు కొటేషన్లన్నమాట! పరిశీలించవలసిన అంశాలకి నిలువు గళ్లు గీశారు. వాన, ఎండ, చలి, మంచు, గాలి, జారుడు, జలగలు, దోమలు, జనం రద్దీ, ఇంకా ఏవేవో కలిపి పద్నాలుగు.

ముగ్గురితో కమిటీ వేశారు. బావగారు అధ్యక్షులు. రెండో సభ్యులు పక్క వాటాలో ఉండే రిటైరైన భూగోళం మాస్టారు. డాబా మీద గాజుసీసా పెట్టి రోజూ వాన కొలుస్తారు కనక వీధిలో అందరూ మబ్బుల మాస్టారంటారు. కొండ అన్నదాన్ని ఆయన అట్లాసులో తప్ప చూడలేదు. మూడో సభ్యుణ్ణి నేను. నా అర్హత ఏమిటని అడక్కండి. మూడో సంతకం కావాలి, ఆదివారాలు నాకు ఖాళీ.

ప్రతి ఆదివారం పదింటికి సమావేశం. అక్క టీలు పెట్టి ఇచ్చేది. వారంలో ఆవిడకి సెలవు ఆ ఒక్కరోజే.

"ఏప్రిల్," అనేవారు బావగారు పెన్సిలు చేతపట్టి.

"ఏప్రిల్ నమ్మదగిన నెల కాదండీ," అనేవారు మాస్టారు.

"కారణం?"

"చెప్పలేం."

ఎర్ర గీత! చెప్పలేని కారణం కన్నా గట్టి కారణం ఏముంటుంది?

మేం ఎంత లోతుగా పరిశీలించేవాళ్లమో మీకు ఒక్క ఉదాహరణ చాలు. ఫిబ్రవరిలో ఎండ లేదు, వాన లేదు, చలి కూడా తగ్గుముఖం. అయినా బావగారు కళ్లజోడు సవరించుకుని, "మిగతావాళ్లంతా ముప్ఫై, ముప్ఫై ఒకటి ఇస్తుంటే ఇది ఇరవై ఎనిమిదే ఇస్తోంది. సప్లై తక్కువ," అని కొట్టేశారు. నేను నోరు వెళ్లబెట్టాను. ఇంత సూక్ష్మబుద్ధి ఉన్న మనిషి మన చుట్టాల్లో ఉండడం ఎంత అదృష్టం!

నాలుగో ఏడు ఒక ప్రమాదం తప్పింది. పదకొండు నెలలకీ ఎర్రగీతలు పడ్డాయి గానీ, అక్టోబరు మీద ఎంత వెతికినా ఒక్క లోపం దొరకలేదు. వాన వెలిసిపోయి ఉంటుంది, చలి మొదలవదు, జలగలు ఉండవు, జనం ఉండరు. మాస్టారు కూడా చెప్పలేం అని చెప్పలేకపోయారు. వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న అక్క లోపలికి పరిగెత్తి సెలవు కాగితం తెచ్చుకుంది. తేదీ దగ్గర ఖాళీ వదిలి, మిగతాదంతా ఎప్పుడు రాసి పెట్టుకుందో ఏమో మరి.

బావగారు పెన్సిలు కింద పెట్టి నిట్టూర్చారు. "ఒక్క కొటేషనే మిగిలింది."

"మంచిదే కదండీ! అదే ఖాయం చేసెయ్యండి," అంది అక్క.

"అలా కుదరదు. ఒకే ఒక్క కొటేషన్ మీద ఆర్డర్ ఇవ్వకూడదు. పోటీ ఏదీ? రేపెవరైనా అడిగితే?"

"మనింటికొచ్చి ఎవరడుగుతారండీ?"

"ఎవరూ అడగరు," బావగారు ఒప్పుకున్నారు. "అడిగితే?"

'అక్టోబరు చెల్లదు. మళ్లీ మొదటినుంచి పరిశీలించవలెను' అని రాశారు. ముగ్గురం సంతకాలు పెట్టాం. అక్క సెలవు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్‌లో దోపుకుంది. ఆ రోజు టీలో పంచదార వెయ్యడం మర్చిపోయింది. మేం పెద్దమనసుతో సర్దుకున్నాం.

ఆవిడ కమిటీకి సహకరించలేదని చెప్పను. చాలాసార్లు సమాచారం ఇవ్వబోయింది కూడా. "నిరుడు జూలైలో, అంత వానలోనూ, ఒక్క బస్సులో ముప్ఫై ఆరుగురు వెళ్లారు. ముప్ఫై ఆరుగురూ తిరిగొచ్చారు. నేనే చూశానుగా, నవ్వుకుంటూ దిగారు," అంది ఒక ఆదివారం.

దాన్ని మేం పరిగణించలేకపోయాం. ఆవిడకి వెళ్లాలని ఉంది. వెళ్లాలని ఉన్న మనిషి మాట నిష్పక్షపాతం ఎలా అవుతుంది? బావగారు ఆ మాట మెత్తగా విడమరిచి చెప్పారు. ఆ లెక్కన వెళ్లాలని ఏ కోశానా లేనివాళ్లే అసలైన న్యాయనిర్ణేతలు. మేం ముగ్గురం నూటికి నూరుపాళ్లు తగినవాళ్లం.

ఏళ్లు గడిచేకొద్దీ ఫైలు లావెక్కింది. లావెక్కేకొద్దీ విషయం సన్నబడింది. మూడో ఏడు, మరీ పొడుగైందని 'శ్రీమతి గారి కోరిక మేరకు' అన్నది తీసేసి 'కొండ ఎక్కుట గురించి' అని ఉంచారు. ఏడో ఏడు నుంచి 'సీజన్ గురించి'. పదో ఏటికి 'పై విషయం గురించి' అని రాస్తే సరిపోయేది. పైన ఏముందో మాకు తెలుసు కదా!

ఇక ఆ బూట్లు. ఒకటి వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. రెండోది పెరటి తలుపుకి. పన్నెండేళ్లలో ఆ తలుపులు ఒక్కసారి కూడా చప్పుడు చెయ్యలేదు. కొండ మీదికి తీసుకెళ్లి ఉంటే ఈ ప్రయోజనం నెరవేరేదా? సంచిలో పాత ఫైళ్లు కుక్కారు. అది కూడా చక్కగా పనికొచ్చింది. బూట్ల మీద చిన్న గీత కూడా పడలేదు. ఆదివారం లోపలికి వెళ్తూ వాటిని చూసినప్పుడల్లా నాకు ముచ్చటేసేది.

పోయిన నెల ఒక ఆదివారం అక్క టీ కప్పులు బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్లకుండా అక్కడే నిలబడింది.

"మొన్న డాక్టరు దగ్గరికెళ్లానండీ. ఇన్నేళ్లు ఒక్కచోట కూర్చుని మోకాళ్లు అరుగుతున్నాయంట. ఎక్కాల్సినవి ఏమన్నా ఉంటే ఇప్పుడే ఎక్కెయ్యండి, రెండేళ్లు పోతే మెట్లకి కూడా ఆలోచించాలి అన్నాడు."

మాస్టారు ఏదో అనబోయి టీ గుటక వేశారు. బావగారి మొహం నల్లబడింది. నిజంగానే బాధపడ్డారు, నేను చూశాను. ఆ మనిషికి మా అక్కంటే ప్రాణం. వెంటనే స్కేలు తీశారు. పట్టిక చివర, అంచు దాకా జరిగి, జాగ్రత్తగా ఒక గీత గీశారు. పదిహేనో గడి. పైన 'మోకాలు' అని రాశారు.

"ఇంత ముఖ్యమైన అంశం ఎలా వదిలేశాం! మళ్లీ పన్నెండు నెలలూ చూడాల్సిందే," అన్నారు.

అక్క ఆ గీతని చూసింది. తర్వాత కప్పులు తీసుకుని వెళ్లిపోయింది. నా కప్పులో ఇంకా సగం టీ ఉంది.

తర్వాతి ఆదివారం నేను వీధి మలుపు తిరుగుతుండగానే చప్పుడు వినపడింది. ధన్‌మని తలుపు. మళ్లీ ధన్‌మని. వానగాలికి వీధి తలుపు ఎడాపెడా కొట్టుకుంటోంది. పెరటి తలుపు దానికి వంత పాడుతోంది. గుమ్మంలో బూటు లేదు! లోపల బల్ల మీద పాత ఫైళ్లన్నీ గుట్టగా పోసి ఉన్నాయి. వాటిని మోసిన సంచి కనిపించలేదు. బావగారు ఆ గుట్ట ముందు నిలబడి ఉన్నారు.

"మీ అక్క డ్యూటీకి వెళ్లినట్టుందోయ్," అన్నారు. ఆదివారం ఏ డ్యూటీయో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.

ఇద్దరం ఒకే గొడుగులో తడుస్తూ బస్టాండుకి పరిగెత్తాం. నాలుగో నంబరు కిటికీలో ఒక కొత్తమ్మాయి కూర్చుని ఉంది.

"మేడమ్ పొద్దున్నే వచ్చారండీ," అంది. "కానీ ఇటుపక్కకి రాలేదు. అటు, మీరున్న చోట, క్యూలో నించున్నారు. లోపలికొచ్చి తీసుకోండి మేడమ్ అంటే వినలేదు. నా వంతు రానీ అన్నారు. ఒక్క టికెట్టు తీసుకున్నారు, కొండకి."

"జూలైలోనా!" అన్నారు బావగారు. "జూలై మీద తొమ్మిది ఎర్రగీతలున్నాయి!"

ఆ అమ్మాయి టైంటేబుల్ చూపించింది.

కొండ మీద ఫోన్లు పనిచెయ్యవు. నాలుగు రోజులు బావగారు ఆఫీసుకి సెలవు పెట్టారు. ఇది మాత్రం ఒక్క కొటేషన్ కూడా లేకుండా పెట్టారు. జూలై గురించి మేం ఏమేం రాశామో చూద్దామని ఫైలు చివరి నుంచి వెనక్కి తిరగెయ్యడం మొదలుపెట్టారు. నేను తోడు కూర్చున్నాను. టీ లేదు. బుధవారం సాయంత్రానికి మొదటి కాగితం దగ్గరికి వచ్చారు. చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివారు.

"ఏవోయ్, ఈ 'శ్రీమతి గారి కోరిక' ముక్క ఎప్పుడు పోయింది?"

"మూడో ఏడు, బావా. పొడుగైందని మీరే తీసేశారు."

"నువ్వు సంతకం పెట్టావా?"

"పెట్టాను."

ఆయన ఫైలు మూసేశారు.

గురువారం మధ్యాహ్నం మేం బస్టాండులో కాచుకుని ఉండగా బస్సు వచ్చింది. అందరికన్నా చివర్న అక్క దిగింది. మోకాళ్ల దాకా బురద. పిక్కల మీద జలగలు కరిచిన గుర్తులు ఐదో ఆరో. ఎడమకాలి బూటుకి, సామాన్లు కట్టే తాడు చుట్టి ఉంది. రెండోరోజే అడుగు ఊడిపోయిందట. కుడిది కూడా నోరు తెరిచింది. బస్టాండు బయట చెప్పులు కుట్టే ఆయన దాన్ని చేతిలో తిప్పి చూసి పెదవి విరిచాడు.

"పైకి కొత్తగానే ఉంది గానీ లోపల జిగురంతా పొడైపోయిందమ్మా. తొడక్కుండా ఉంచేస్తే ఇంతే. తొడుగుతూ ఉంటే ఇంకొన్నాళ్లు వచ్చేవి."

పన్నెండేళ్లు నేను మురిసిపోయిన బూట్లు! నేను మొహం తిప్పుకున్నాను.

బావగారు అక్క చేతిలో సంచి అందుకుని, అలవాటైనదే అడిగారు. "సీజన్ ఎలా ఉంది?"

"ఘోరం," అంది అక్క. "తొమ్మిది గీతలు చాలవు, ఇంకో రెండు పెట్టాలి. రెండు రోజులు ముందు నడిచేవాళ్ల వీపు తప్ప ఏమీ కనపడలా. మూడోరోజు పొద్దున ఓ అరగంట మబ్బు విడిచింది."

"అరగంటకేనా! ఆ అరగంటలో ఏం చూశావు?"

అక్క నాలుగో నంబరు కిటికీ పక్క పోస్టరు వైపు చెయ్యి చూపించింది. "కింది సగం," అంది.

అంటూ నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేను చూసి ఎన్నాళ్లయిందో. బస్సు దిగిన ముప్ఫై ఆరుగురూ ఇలాగే నవ్వారని ఆవిడ చెప్పినప్పుడు మేం దాన్ని రికార్డులోకి తీసుకోలేదు.

ఆ ఆదివారం అలవాటు కొద్దీ పదింటికి వెళ్లాను. తలుపు కొట్టుకుంటూనే ఉంది. బల్ల మీద తెల్లకాగితం ఒకటి, దాని మీద బావగారి ముత్యాల్లాంటి అక్షరాలు. 'విషయం: శ్రీమతి గారి వెంట వెళ్లుట గురించి.' కింద మూడు సంతకాలకి చోటు వదిలారు. నేను పెన్ను తీశాను. అక్క లోపలి నుంచి వచ్చి కాగితం చూసి, నాలుగు మడతలు పెట్టి, బావగారి జేబులో దోపింది.

"దీనికి సంతకాలు అక్కర్లేదండీ. పొద్దున ఆరింటికి బస్సు. క్యూలో నించుంటే చాలు."

వచ్చే శనివారం ఇద్దరూ వెళ్తున్నారు. ఆగస్టు! పది ఎర్రగీతలు! బావగారు బూట్లు కొనుక్కున్నారు, మొదటి కొట్లో, మొదటి జత. ఇంట్లో తొడుక్కుని తిరుగుతున్నారు, చప్పుడు చేస్తూ. కమిటీ రద్దయింది. మాస్టారు దీని పర్యవసానాలు చెప్పలేం అంటున్నారు. నా ఆదివారాలు మళ్లీ ఖాళీ. టీ నేనే పెట్టుకుంటున్నాను, బాగా రావడం లేదు.

అయినా నేను మొదట అన్నమాట మీదే నిలబడతాను. సీజన్ వెతుకుతూ కూర్చోవడం గొప్ప వరం! కూర్చున్నవాళ్లకి. టీ అందించిన మనిషిని మేం అడగలేదు, మా పదిహేను గళ్లలో ఆవిడకి గడి లేదు. పన్నెండేళ్లు మా అక్కని కొండెక్కనివ్వనివి వానా, మంచూ, జలగలూ అనుకుంటారేమో. మూడు సంతకాలండీ. అందులో ఒకటి నాది.